ఎప్పుడూ ఒకరు నిద్రపోయే ఇల్లు

మా ఇంట్లో ఎప్పుడు చూసినా ఒకరు నిద్రపోతూనే ఉంటారు. పొద్దున టిఫిన్ వేళకు రండి, మిట్టమధ్యాహ్నం రండి, లైట్లు వేసే వేళకు రండి, లోపలి గదిలో ఎవరో ఒక మగమనిషి గోడవైపు తిరిగి పడుకునే ఉంటాడు. ముగ్గురన్నదమ్ములు, ముగ్గురికీ బొగ్గుబాయిలోనే పని. మా ఆయన మల్లేష్ ఫస్ట్ షిఫ్టులో ఉంటే, నడిపి మరిది శ్యాంసుందర్ నైట్ షిఫ్టులో ఉంటాడు, చిన్న మరిది అంబదాస్ సెకండ్ షిఫ్టులో ఉంటాడు. వారం తిరిగేసరికి షిఫ్టులు మారతాయి, నిద్రలూ మారతాయి. మా మామ సారయ్య కూడా బతుకంతా ఇలాగే పడుకున్నాడు. రిటైరైనా పగటి నిద్ర మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

నా పుట్టిల్లు ఆసిఫాబాద్ అవతల. అక్కడ మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అలాంటి దాన్ని, ఈ మందమర్రి క్వార్టర్‌కు కోడలిగా వచ్చిన రోజే స్టీలు బిందె దించుతూ చప్పుడు చేశాను. మా అత్త కొమురవ్వ వంటింట్లోంచి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా, అరచెయ్యి చెంప కింద పెట్టి చూపించింది. పడుకున్నారు అని. ఆ రోజుకు ఒళ్ళు మండింది గానీ, ఏడాది తిరక్కుండానే నేనూ చేతులతో మాట్లాడటం నేర్చుకున్నాను.

గుప్పిట నోటి దగ్గర పెడితే అన్నానికి రమ్మని. ముక్కుపుడక తాకితే అత్త పిలుస్తోందని. మీసం దువ్వితే మామ వస్తున్నాడు, టీవీ కట్టేయమని. అన్నిటికీ చేతులు సరిపోయాయి గానీ తిట్టడానికి మాత్రం నాకు మాటలే కావాలి. అందుకని గొంతు బయటికి రాకుండా, పెదవులు బాగా కదిపి తిట్టడం అలవాటు చేసుకున్నాను. మా తోటికోడలు రేవతికి నా తిట్లు చూస్తే నవ్వు ఆగదు, కొంగు నోట్లో కుక్కుకుంటుంది. కాలనీలో మాకు మూగోళ్ళ ఇల్లు అని పేరు పెట్టారు. పెట్టుకోనీ, వాళ్ళ ఇళ్ళల్లో రాత్రంతా బాయిలో పని చేసొచ్చిన మనిషి పగలు తలగడ చెవుల మీద వేసుకుని పడుకుంటాడు, మా ఇంట్లో హాయిగా పడుకుంటాడు.

మధ్యాహ్నాలైతే మా ఇల్లు ఈ లోకంలో ఉన్నట్టే ఉండదు. కిటికీలకు నీలం దుప్పట్లు కడతాం. ఆ నీలం వెలుతురు గచ్చు మీద, గోడల మీద, పిల్లల మొహాల మీద పరుచుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే దుప్పటి ఊగుతుంది, దాంతోపాటు వెలుగూ ఊగుతుంది. ఆరుగురు పిల్లలు మునివేళ్ళ మీద తిరుగుతూ ఉంటారు. గచ్చకాయలు ఆడాలంటే కింద బొంత పరిచి ఆడతారు. కబడ్డీ కూడా ఆడతారు, కూత గొంతులోంచి రాదు, పెదవుల మీదే. కొట్టుకున్నా అంతే, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని నోళ్ళు తెరిచి నిశ్శబ్దంగా ఏడుస్తారు. కొత్తవాళ్ళు చూస్తే కల అనుకుంటారు. నాకే ఒక్కోసారి చాట ముందు కూర్చుని బియ్యం ఏరుతూ ఏరుతూ, నేను మేలుకుని ఉన్నానా, పడుకున్న మనిషి కలలో ఉన్నానా అని అనుమానం వచ్చేది.

రోజుకోసారి దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ చేస్తారు. కిటికీలు అదురుతాయి, అల్మారాలో గ్లాసులు గలగలమంటాయి, గచ్చు వణుకుతుంది. విచిత్రం ఏమిటంటే ఆ చప్పుడుకు పడుకున్నవాళ్ళెవరూ లేవరు. చెంచా పడితే లేస్తారు. ఆ బ్లాస్టింగ్ అంటే మా జమునకు మహా ఇష్టం. గచ్చు వణకగానే రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వేది. మేమందరం దాన్ని చూసి నవ్వేవాళ్ళం.

జమున, శ్యాంసుందర్ రేవతిల కూతురు. ఆరేళ్ళది. రెండేళ్ళప్పుడు గలగలా మాట్లాడేది, దాని నోరు మూయించడమే మాకు పని. ఆ తర్వాత పెద్ద జ్వరం వచ్చి తగ్గింది, మాటలూ తగ్గాయి. పిల్లకు బుద్ధి వచ్చింది, ఇంటి పద్ధతి తెలిసింది అని సంతోషించాం. అది తన పోలిక అని మా అత్త కాలనీ అంతా చెప్పుకుంది. ఏదైనా పని చెబితే కళ్ళు మన మొహం మీదే పెట్టి చూసేది, రెండోసారి చెప్పించుకునేది కాదు. నేను ఎందరి పిల్లలనో చూశాను, అంత మర్యాద గల పిల్లను చూడలేదు. ఎప్పుడైనా గుసగుసగా ఒక మాట అనేది, అవ్వ అనో, బువ్వ అనో. గుసగుస మా ఇంట్లో అందరిదీ కదా.

నా నిరంజన్ సంగతి వేరు. వాడికి పదేళ్ళు. పుట్టిన నెలలోనే కరీంనగర్‌లో డాక్టరు చూసి డౌన్ సిండ్రోమ్ అన్నాడు. మా అత్తకు ఆ మాట నోరు తిరగక, మెల్లగా ఎదిగే పిల్లగాడు అని చెప్పుకునేది. నాకు ఆ మాటే బాగుంది. మెల్లగా ఎదిగాడు, మెల్లగా నడిచాడు, మెల్లగా బట్టలు మడతపెట్టడం నేర్చాడు, ఇప్పుడు వాడి మడతల ముందు నా మడతలు పనికిరావు. మాటలు మాత్రం నాలుగైదు, అవీ ముద్దముద్దగా. ఎవరినైనా పిలవాలంటే నోటితో పిలవడు, దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేస్తాడు. నోటితో పిలువురా అని నేను ఎన్నిసార్లు కసిరానో.

వాణ్ణి బడిలో కూర్చోబెట్టడమే నా వల్ల కాలేదు. రెండుసార్లు చేర్చాం. రెండుసార్లూ ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే గేటు దాటి రోడ్డెక్కాడు. బొగ్గు లారీలు పోయే రోడ్డు అది. రెండోసారి ఒక లారీ డ్రైవరు బండి ఆపి, వీడి చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ అడుగుతూ తీసుకొచ్చాడు. ఆ రోజుతో బడి మాన్పించేశాను. ఇంట్లో వాడు కుదురుగా ఉండేది జమున పక్కనే. జమునను అంగన్‌వాడీకి పంపితే వీడు అన్నం ముట్టకుండా గడప మీద కూర్చున్నాడు. చేసేది లేక దాన్ని ఇంటికి తెచ్చేశాం.

ఈ ఏడు ఎండాకాలంలో, పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటకు బాలలక్ష్మి టీచర్ మా ఇంటికి వచ్చింది. ఒకటో తరగతి ఆమెదే. మంచిదే గానీ గట్టి మనిషి. వచ్చిన మనిషి కూడా రెండు నిమిషాల్లో గొంతు తగ్గించేసింది, మా ఇల్లు అలాంటిది. జమునతోపాటు నిరంజన్‌ను కూడా ఒకటో తరగతిలోనే కూర్చోబెడతానని తనే అన్నది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఇంకో మాట కూడా అన్నది.

“జమున పక్కపొంటి ఉంటె గీయన ఉంటడు గావచ్చు. సూద్దాం. గని ఈసారి గేటు దాటిండంటె మాత్రం నా తోని గాదమ్మా. గా లారీల నడుమ పిలగానికి ఏమన్నయితె నేనే పానం తోని ఉండ.”

ఇంకేముంది, ఆ ఎండాకాలమంతా నాకు అదే ధ్యాస. ఆరుగురు పిల్లలూ ఒక్క పొద్దున ఒక్కసారే గడప దాటాలి. మా ఆయన నవ్వేవాడు, నీకు బంగారం అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు, ఇదేం కోరికే అని. ఆయనకేం తెలుసు, నలుగురి టిఫిన్ డబ్బాలు సర్ది పంపి, నిరంజన్ మొహం చూస్తూ రోజంతా ఇంట్లో ఉండేదాన్ని నేను. జమునను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదవులు బాగా కదిపి, అన్న చెయ్యి వదలకు, అన్నను గేటు దాటనివ్వకు అని పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. అది నా పెదవులు చూస్తూ తల ఊపేది. ఆరేళ్ళ పిల్ల నెత్తిన నా కొడుకును పెట్టి నేను నిశ్చింతగా ఉన్నాను.

మృగశిర కార్తె మొదలైన రోజు మిరుగు చేపలు తిన్న నాలుగు రోజులకే బడి తెరిచారు. ఆ పొద్దున సన్నగా తుంపర పడుతోంది. శ్యాంసుందర్ నైట్ షిఫ్టు నుంచి వచ్చి అప్పుడే పడుకున్నాడు. ఆరు స్నానాలు, ఆరు యూనిఫాంలు, జడలు, బెల్టులు, ఒకరి బూటు ఇంకొకరు దాచిపెట్టడం, అన్నీ జరిగాయి, ఒక్క చప్పుడు లేదు. మా అత్త కొత్త బట్టల అంచులకు పసుపు రాస్తూ పిల్లల చుట్టూ తిరిగింది. తుంపర వెలుగులో పిల్లలు ఒకరి వెనక ఒకరు వరండాలోంచి తేలిపోతున్నట్టు బయటికి నడిచారు. నేను లెక్క పెట్టాను. ఆరుగురూ ఉన్నారు. అయినా నమ్మకం కుదరక మళ్ళీ లెక్క పెట్టాను.

పెద్ద పిల్లలు నలుగురూ హైస్కూలు దారి పట్టారు. నేను ఈ ఇద్దరినీ తీసుకుని చిన్న బడికి పోయాను. ప్రార్థనకు లైన్లు కట్టించారు. జమున ముందు వరసలో, నిరంజన్ దాని వెనక. అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. జమున అటూ ఇటూ చూసి తనూ మూసుకుంది. నేను గేటు దగ్గర గొడుగు కింద నిలబడి, గేటు నేనే కాపలా కాస్తానన్నట్టు ఉన్నాను.

ప్రార్థన అయిపోయింది. పిల్లలు లైన్లుగా క్లాసులకు కదిలారు. తడి మట్టి మీద అందరూ వెళ్ళిపోయాక నడిమధ్యలో జమున ఒక్కతే మిగిలింది. చేతులు జోడించే ఉన్నాయి, కళ్ళు మూసే ఉన్నాయి. పెదవుల మీద చిన్న నవ్వు. తుంపర చినుకులు రెప్పల మీద పడుతున్నా కదల్లేదు. ఏం భక్తి, ఏం బుద్ధి, మా ఇంటి పిల్ల చూడండి అని పక్కనున్న ఆమెతో అన్నాను కూడా.

బాలలక్ష్మి టీచర్ వరండాలోంచి పిలిచింది. జమున కదల్లేదు. దగ్గరికి వచ్చి వెనక నుంచి చప్పట్లు కొట్టింది. కదల్లేదు. అప్పుడే నిరంజన్ లైన్లోంచి బయటికి వచ్చి పరుగెత్తాడు. అయిపోయింది, గేటుకే వస్తున్నాడు, మొదటి రోజే అయిపోయింది అని రెండు చేతులూ చాపి గేటుకు అడ్డం నిలబడ్డాను. వాడు నా వైపు రానేలేదు. జమున దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. అది కళ్ళు తెరిచి, చుట్టూ ఎవరూ లేకపోవడం చూసి, వాణ్ణి చూసి నవ్వింది.

టీచర్ నా దగ్గరికి వచ్చింది. ఆమె మొహం చూసి నేను ముందే కోపం తెచ్చుకున్నాను.

“జ్యోతిరాణీ, గీ పిల్లకు ఇనవడుతదా?”

ఎందుకు వినపడదు, బ్లాస్టింగ్ అయితే పడీ పడీ నవ్వుతుంది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, మీ బడి పిల్లలకు లేని మర్యాద మా పిల్లకు ఉంటే అది రోగమా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె ఒకసారి డాక్టరుకు చూపించమని మాత్రం మెల్లగా చెప్పింది. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటి దారి పట్టాను. జమున ముందు నడుస్తోంది. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. లారీల మోతలో వినపడలేదు అనుకున్నాను. లారీలు లేని చోట పిలిచాను. గాలి అటువైపు ఉంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నేను ఏడవబోయింది జమున కోసం కాదు. దీనికే వినపడకపోతే ఇక నా కొడుకును ఎవరు పట్టుకుంటారు అని.

ఇంటికొచ్చేసరికి నీలం దుప్పట్ల కింద అంతా ఎప్పటిలాగే ఉంది. లోపల శ్యాంసుందర్ గాఢనిద్రలో ఉన్నాడు. మామ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. రేవతి పిండి కలుపుతూ, ఏమైంది, ఎందుకు తిరిగొచ్చారు అని చేతులు తిప్పి అడిగింది. జమున గచ్చు మీద కూర్చుని వానకు తడిసిన జడ పిండుకుంటోంది. నేను వంటింట్లోకి పోయి పెద్ద స్టీలు తాంబాళం, ఇనుప గరిటె తీసుకున్నాను. మా అత్త అరచెయ్యి చెంప కింద పెట్టింది. నేను ఆమెను దాటి పోయి, గచ్చు అదరకుండా తాంబాళం పైకెత్తి పట్టుకుని, జమున వీపు వెనక నిలబడి కొట్టాను.

అంత చప్పుడు ఆ ఇల్లు పుట్టాక విని ఉండదు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కొట్టాను. మామ కుర్చీలోంచి లేచాడు. రేవతి చేతిలోంచి పిండిగిన్నె జారింది. పక్క క్వార్టర్ల వాళ్ళు తలుపుల దగ్గరికి ఉరికొచ్చారు. శ్యాంసుందర్ లుంగీ పట్టుకుని గదిలోంచి బయట పడ్డాడు.

“ఏమైంది వదినె? బాయిల రూఫ్ కూలిందా?”

నేను గరిటెతో జమునను చూపించాను. అది జడ పిండుకుంటోంది. రిబ్బను ముడి విప్పుకుని, మళ్ళీ వేసుకుంది. తండ్రి కాళ్ళు కనపడ్డాక తల ఎత్తింది. మా అందరినీ చూసింది, నిద్ర చెడగొట్టారని తెలిసినట్టుంది, కళ్ళు పెద్దవి చేసి మమ్మల్ని కోప్పడుతూ పెదవుల మీద వేలు పెట్టుకుంది. తర్వాత తండ్రి వైపు తిరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టి, పో, పడుకో అని చూపించింది.

శ్యాంసుందర్ అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు. రేవతి ఏడుపు చాలాసేపు గొంతు లేకుండానే సాగింది, ఆ తర్వాత గొంతు వచ్చింది, ఇల్లు దద్దరిల్లింది. ఆ పూట ఎవరినీ ఎవరూ ఊరుకోమనలేదు. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే జమునకు ఏం అర్థం కాక నిరంజన్ వెనక నక్కింది. వాడు మాత్రం ఏడవలేదు. వాడికి ఇందులో కొత్తేముంది, దాన్ని ఎప్పుడు పిలవాలన్నా పోయి భుజం మీదే చెయ్యి వేసేవాడు. మేం వాడికి మాట రాదు అనుకున్నాం.

మర్నాడే శ్యాంసుందర్ పనికి నాగా పెట్టి, భార్యనూ కూతురునూ తీసుకుని మంచిర్యాల మీదుగా కరీంనగర్ బస్సెక్కాడు. అక్కడ రేవతి అక్కగారింట్లో ఉన్నారు. పరీక్షలు చేశారట. జ్వరం వచ్చినప్పుడే చాలా వరకు పోయిందట, ఇంకా కొంచెం మిగిలి ఉందట. చెవి మిషను పెడితే కొంత వినపడుతుందట, మాట కూడా మళ్ళీ నేర్పాలట, నెల రోజులైనా అక్కడ ఉండాలన్నారట. రేవతి ఫోన్లో ఇవన్నీ చెప్పి, నిరంజన్ ఏం చేస్తున్నాడక్కా అని అడిగింది. ఏం చేస్తాడు, గడప మీద కూర్చున్నాడు అన్నాను. నిజంగానే రెండు రోజులు గడప మీద కూర్చున్నాడు. ఇక ఈ ఏడూ ఇంతే అని నేను వాడి యూనిఫాం ఉతికి, పెట్టెలో అడుగున పెట్టేశాను. పెట్టెకు మూత వేస్తుంటే నా మీద నాకే జాలేసింది.

మూడో రోజు పొద్దున వంటింట్లోంచి చూసేసరికి వాడు వరండాలో నిలబడి ఉన్నాడు. యూనిఫాం తనే తీసి వేసుకున్నాడు, గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకున్నాడు. ఒక భుజానికి తన సంచి, ఇంకో భుజానికి జమున సంచి. ఎటురా అని అడిగితే రోడ్డు వైపు చూపించాడు. జమున లేదురా, కరీంనగర్‌లో ఉంది, బడిలో లేదు అని ముఖం పట్టుకుని చెప్పాను. తల ఊపాడు, తెలుసన్నట్టే. అయినా నడిచాడు. ఆపబోతే మామ వద్దన్నాడు. గొడుగు తీసుకుని వెంట పరుగెత్తాను.

వాడు క్లాసులోకి పోయి ముందు వరసలో కూర్చుని, పక్కన జమున సంచి పెట్టాడు. నేను ఇంటికి పోలేదు. నాకు తెలుసు, బెల్లు కొడితే ఏమవుతుందో. గేటు దగ్గర నిలబడ్డాను. బెల్లు కొట్టారు. పిల్లలందరూ ఈలలు వేస్తూ బయటికి ఉరికారు. వాడు రాలేదు. కిటికీలోంచి చూస్తే ఖాళీ క్లాసులో ఒక్కడే కూర్చుని ఉన్నాడు, చెయ్యి ఆ సంచి మీద ఉంది. ఎవరో చిన్న పిల్ల తిరిగొచ్చి ఆ చోట కూర్చోబోతే, సంచిని దగ్గరికి లాక్కుని అడ్డంగా తల తిప్పాడు. నేను లోపలికి పోయి ఇంటికి పోదాం పా అన్నాను. నా చెయ్యి విడిపించుకున్నాడు.

అన్నాలయ్యాక టీచర్ మళ్ళీ హాజరు తీసుకుంది. నేను కిటికీ బయటే ఉన్నాను. పేర్లు ఒకటొకటిగా వస్తున్నాయి, పిల్లలు ఒకటొకటిగా పలుకుతున్నారు. నిరంజన్ అని పిలిచింది. వాడు పలకలేదు. టీచర్ వాణ్ణి చూసి తనే రాసుకుంది. తర్వాత జమున అని పిలిచి, తనే రాలే అనుకుంటూ పెన్ను కాగితం మీదికి దించింది.

నిరంజన్ లేచి నిలబడ్డాడు. మెడ నరాలు కనపడేలా ఊపిరి తీసుకున్నాడు.

“వస్తది,” అన్నాడు.

ముద్ద మాటే గానీ గది గదంతా వినపడింది. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. టీచర్ పెన్ను ఆపి వాడి వైపే చూస్తూ, ఎవరురా వచ్చేది అని అడిగింది.

“జమున. వస్తది.”

అని, కూర్చుని, మళ్ళీ సంచి మీద చెయ్యి వేసుకున్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, దాచుకోవాలని కూడా తోచక, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ సాయంత్రం బడి విడిచేదాకా నా కొడుకు గేటు వైపు తల కూడా తిప్పలేదు.